పాలంపూర్‌లో భూమి లేనివాళ్లు, పద్మనాభంలో లెక్కకు రానివాళ్లు

తొమ్మిదో తరగతి అర్థశాస్త్రంలో మొదటి పాఠం పాలంపూర్ అనే ఊరి కథ. ఊరు కల్పితం. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌షహర్ జిల్లాలో గిల్బర్ట్ ఎటియెన్ అనే పరిశోధకుడు చేసిన అధ్యయనం దానికి ఆధారం. 2023–24లో మన రాష్ట్రం తొమ్మిదో తరగతికి ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలు తెచ్చుకున్నప్పుడు ఆ ఊరు గోస్తని ఒడ్డున ఉన్న మా తగరపువలసకి కూడా వచ్చింది. ఊళ్లో 450 కుటుంబాలు. అందులో 150 కుటుంబాలకి సాగుభూమి లేదు. ఆ 150లో ఎక్కువమంది దళితులు. ఈ మాట చెప్పి పాఠం ముందుకి వెళ్లిపోతుంది. పంటలు, బోరుబావులు, అప్పులు, పాల వ్యాపారం.

ఈ పాఠం చెబుతుండగా వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి అడిగింది: “మేస్టారూ, ఆళ్లకి మొదట్నుంచీ నేదా? ఉండి పోయిందా?”

చాలా ఏళ్లుగా సోషల్ చెబుతున్న నాకు ఆ క్షణాన జవాబు దొరకలేదు. పుస్తకం తిరగేశాను, లేదు. అదే తరగతి చరిత్ర పుస్తకంలో ఫ్రెంచి విప్లవం ఉంది, రష్యా విప్లవం ఉంది, నాజీయిజం ఉంది, అడవులూ పశుల కాపరులూ ఉన్నారు. పాలంపూర్ దళితులకి భూమి ఎందుకు లేదో చెప్పే పేజీ మాత్రం లేదు. అర్థశాస్త్రం “లేదు” అని లెక్కపెట్టి వదిలేస్తే చరిత్ర ఆ వైపే చూడలేదు. మా బడి పిల్లల్లో సగం మంది బతుకు ఈ రెండు పుస్తకాల మధ్య ఉన్న ఖాళీలో ఉంది.

సాంఘిక శాస్త్ర బోధనలో ఆర్థిక దృష్టి పెంచాలనే మాట ఇవాళ శిక్షణ తరగతుల్లో బాగా వినిపిస్తోంది. ఆ మాటని కాదనను. కానీ ఏ అర్థశాస్త్రం? ఎవరి లెక్క? కులాన్ని పక్కన పెట్టిన అర్థశాస్త్రాన్ని తెచ్చి, కులాన్ని పక్కన పెట్టిన చరిత్రకి అతికిస్తే దళిత విద్యార్థికి ఒరిగేదేమిటి? పాలంపూర్ పాఠాన్నీ, మా పక్కనే ఉన్న పద్మనాభం యుద్ధాన్నీ ఎదురెదురుగా పెట్టి ఈ ప్రశ్నని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

140 రూపాయలు ఎక్కడికి పోయాయి?

పాలంపూర్ పాఠాన్ని పూర్తిగా తీసిపారెయ్యడం న్యాయం కాదు. దళితులు ఊరికి ఒక మూల, చిన్న ఇళ్లల్లో ఉంటారని అది ఒప్పుకుంటుంది. డాలా అనే కూలీకి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం రోజుకి 300 రూపాయలైతే చేతికొచ్చేది 160 అని కూడా చెబుతుంది. పాత పుస్తకాల్లో ఇంతమాత్రం కూడా ఉండేది కాదు.

ఎందుకు తక్కువొస్తుంది అనే దానికి పాఠం ఇచ్చే కారణం ఒక్కటే: పనికోసం కూలీల మధ్య పోటీ ఎక్కువ, అందుకని తక్కువకే ఒప్పుకుంటారు. అంటే గిరాకీ, సరఫరా. ఈ కారణం అబద్ధం కాదు, సగం నిజం. ఆ పోటీలో నిలబడ్డవాళ్లంతా ఒకే పేట నుంచి ఎందుకు వస్తున్నారు? ఊళ్లో మిగతా పనులు వాళ్లకి ఎందుకు తెరుచుకోలేదు? అదే పాఠంలో పాలు అమ్మేవాళ్లున్నారు, బెల్లం వండే మిశ్రీలాల్ ఉన్నాడు, కంప్యూటర్ క్లాసు పెట్టిన కరీం ఉన్నాడు. పెట్టుబడి దొరికితే ఎవరైనా ఏ వ్యాపారమైనా పెట్టుకోవచ్చు అన్నట్టుగా పాఠం నడుస్తుంది. మన ఊళ్లల్లో మాల ఇంటి పాలు ఎంతమంది కొంటారు? మాదిగావిడ ఇడ్లీ బండి పెడితే ఏ వీధివాళ్లు తింటారు? అంటే సరుకుకీ కులం అంటుకుని ఉంది. కొనేవాడి చూపులో కులం ఉన్నప్పుడు బ్యాంకు అప్పు ఒక్కటే సరిపోదు. పాలంపూర్ సంతలో ఈ చూపు లేదు. అందుకే అది కల్పిత గ్రామం అని నేనంటాను, పేరు కల్పితం కావడం వల్ల కాదు.

ఇంకో సంగతి. 300కీ 160కీ తేడా 140. ఏడాదిలో వంద రోజులు పని దొరికిందనుకుంటే ఒక్క మనిషి దగ్గర 14,000 రూపాయలు. ఆ డబ్బు గాల్లో కలిసిపోలేదు, ఎవరో ఒకరి ఇంట్లో చేరింది. పెద్ద రైతు మిగులుని దాచుకుని మళ్లీ పెట్టుబడి పెడతాడని పాఠమే చెబుతుంది. కానీ డాలాకి రాని 140 రూపాయలకీ, పెద్ద రైతు మిగులుకీ మధ్య గీత గియ్యదు. ఆ ఒక్క గీత గీస్తే పాఠం అర్థం మారిపోతుంది. డాలా అనే “ఉత్పత్తి కారకం” కాస్తా, ఒకరికి పెట్టుబడి సమకూర్చిన మనిషి అవుతాడు.

2014లో వచ్చిన మన రాష్ట్ర పదో తరగతి పుస్తకంలో పాలంపూర్ స్థానంలో రాంపురం ఉండేది. అదీ ఉత్తరాది ఊరే. పుస్తకాలు మారుతుంటాయి, రేపు ఇంకో ఊరు రావొచ్చు. వెనక బెంచీ ప్రశ్న మాత్రం అలాగే ఉంటుంది.

పద్మనాభం: వీరగాథ వెనక పద్దు

ఇక చరిత్ర వైపు. తగరపువలస నుంచి గోస్తని వెంట ఎగువకి వెళితే పద్మనాభం వస్తుంది. 1794 జూలై 10న అక్కడ ఈస్టిండియా కంపెనీ సేనకీ, విజయనగరం రాజు చిన విజయరామరాజుకీ యుద్ధం జరిగింది. రాజు చనిపోయాడు. మా ప్రాంతంలో ఈ యుద్ధాన్ని వీరగాథగా చెబుతారు. పిల్లలు విహారయాత్రకి వెళ్లి కొండెక్కి వస్తారు. రాజు ధైర్యం, తెల్లవాడి కుట్ర. కథ అయిపోయింది.

ఈ కథలోకి ఆర్థిక దృష్టి తెస్తే ఏమవుతుంది? మొదటి మెట్టు సులువే. గొడవ పేష్కషు గురించి. కంపెనీ బకాయిలు కట్టమంది, సైన్యాన్ని తగ్గించమంది, రాజుని మచిలీపట్నం వెళ్లిపొమ్మంది. ఆయన వెళ్లలేదు. చాలామంది ఉపాధ్యాయులు ఇక్కడిదాకా వస్తారు. “చూశారా, యుద్ధం వెనక డబ్బుంది” అంటారు. బాగానే ఉంది. కానీ ఇది ఇంకా రాజుకీ కంపెనీకీ మధ్య లెక్కే. పేష్కషు రాజుగారి చేనులో పండలేదు. రైతు శిస్తు కడితే జమీందారు పేష్కషు కట్టాడు. రైతు శిస్తు కట్టింది ఎవరి చేత దున్నించి, ఎవరి చేత కోయించి? ఉత్తరాంధ్రలో ఆ మనిషికి పేరుంది: కంబారి. బుగత ఇంట ఏడాది జీతానికి కట్టుబడిన పాలేరు. పద్మనాభం గురించి మనం వినే కథలో రాజున్నాడు, దొర ఉన్నాడు, సైనికులున్నారు. ఆ యుద్ధానికి కారణమైన డబ్బుని మట్టిలోంచి తీసినవాడు లేడు.

ఇక్కడ అర్థశాస్త్రం నిజంగా పనికొస్తుంది, ఎలాగో చూద్దాం. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చినప్పుడు విజయనగరం జమీందారీ పేష్కషుని ఏడాదికి 5 లక్షల రూపాయలుగా నిర్ణయించారు. శాశ్వతం అంటే ఆ అంకె మారదు. ఇక పిల్లల చేత ఒక లెక్క చేయించండి. పుట్టి ధాన్యం ధర 10 రూపాయలనుకుందాం. అయిదు లక్షలు కట్టడానికి 50,000 పుట్లు అమ్మాలి. కొన్నేళ్లకి ధర 20 అయిందనుకుందాం. అప్పుడు 25,000 పుట్లు అమ్మితే చాలు. మిగిలిన 25,000 పుట్లు ఎవరివి? (ధరలు మనం ఊహించుకున్నవి, అయిదు లక్షలు మాత్రం అసలు అంకె.) శిస్తు ఎంత పెంచగలిగితే అంత జమీందారు దగ్గర, పెంచలేకపోతే ఆ మేరకి బుగత దగ్గర మిగులుతుంది. కంబారికి? ఆయన జీతం కుంచాల్లో. ధర పదైనా ఇరవయ్యైనా అవే కుంచాలు, అదే కడుపు. ధర పెరగడం వల్ల వచ్చిన లాభంలో గింజ కూడా పేటలోకి రాదు.

పుస్తకంలో విడివిడిగా పడి ఉండే మూడు పాఠాలు ఈ ఒక్క లెక్కలో కలిశాయి. శాశ్వత శిస్తు చరిత్ర పాఠం, ధరల పెరుగుదల అర్థశాస్త్ర పాఠం, నిజ వేతనం పై తరగతుల పాఠం. పిల్లలకి కష్టం కాలేదు. మా తరగతిలో దీన్ని అందరికంటే ముందు చేసింది లెక్కల్లో ఎప్పుడూ తక్కువ మార్కులొచ్చే కుర్రాడు. వాళ్ల తాత కుంచాల జీతం గురించి ఇంట్లో విని ఉన్నాడు.

ఇదే లెక్కని తిరగేసి కూడా చేయించొచ్చు. 1929 తర్వాత ధరలు పడిపోయాయి. రూపాయల్లో కట్టే శిస్తు రైతు మెడకి ఉరి అయింది. జమీందారీ రైతుల ఉద్యమాలు లేచాయి. 1937లో మద్రాసు ప్రభుత్వం ప్రకాశం అధ్యక్షతన కమిటీ వేసింది, 1938లో నివేదిక వచ్చింది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. ఇదంతా పోరాట చరిత్రే, తక్కువ చెయ్యక్కర్లేదు. కానీ కమిటీ పరిధి జమీందారు, రైతు. చట్టం పట్టా ఇచ్చింది రికార్డులో రైతుగా ఉన్నవాడికి. కంబారి రికార్డులో రైతు కాదు. జమీందారీ పోయిన రోజు భూమి ఒక మెట్టు కిందకి దిగి, బుగత గుమ్మం దగ్గర ఆగిపోయింది.

ఊళ్లోపలి తరలింపు

మన చరిత్ర పుస్తకాల్లో అర్థశాస్త్రం అసలు లేదని అనలేం. దాదాభాయి నౌరోజీ సంపద తరలింపు సిద్ధాంతం ఉంది. ఇండియా నుంచి ఇంగ్లండుకి సంపద ఎలా పోయిందో పరీక్షల్లో అయిదు మార్కుల ప్రశ్నగా వస్తుంది. ఆ సిద్ధాంతం మనకి చాలా నేర్పింది. అయితే దేశం అనే ఒక ముద్దలోంచి సంపద బయటికి పోయిందని చెప్పేటప్పుడు, ఆ ముద్దలో ఎవరి భాగం ఎంత అని అడగదు. పేట నుంచి ఊళ్లోకి రోజూ జరిగే తరలింపుకి లెక్క కట్టిన పాఠం ఏదీ? వెట్టి అంటే కూలి లేని పని. కూలి లేని పనిని రూపాయల్లోకి మార్చి, ఏడాదికీ తరానికీ గుణిస్తే ఎంతవుతుంది? ఈ లెక్కని జాతీయోద్యమం పాఠంలో చేర్చకపోవడం మరిచిపోవడం కాదు. అది రాసినవాళ్లు నిలబడ్డ చోటు నుంచి కనపడకపోవడం.

ఇక్కడ ఆ పిల్ల ప్రశ్న మళ్లీ వస్తుంది. మొదట్నుంచీ లేదా, ఉండి పోయిందా? ఆ ప్రశ్న మీద ఆర్థిక చరిత్రకారులు చాలాకాలం తగువులాడుకున్నారని ఆ పిల్లకి తెలీదు. భూమిలేని కూలీలు ఒక పెద్ద వర్గంగా తయారైంది బ్రిటిష్ పాలనలోనే అని ఎస్.జె. పటేల్ 1952లో వాదించాడు. జాతీయవాదులకీ, మన వామపక్ష మిత్రులకీ ఈ వాదం నచ్చింది. నేరమంతా పరాయివాడి మీద పడుతుంది, ఊరు అమాయకంగా మిగులుతుంది. 1965లో ధర్మా కుమార్ తన “లాండ్ అండ్ కాస్ట్ ఇన్ సౌత్ ఇండియా” పుస్తకంలో దీన్ని ఎదుర్కొంది. మద్రాసు రాజధానిలో కొన్ని కులాలు బ్రిటిష్‌వాళ్లు రాకముందు నుంచే భూమిలేని శ్రామికులుగా, కొన్నిచోట్ల బానిసలుగా ఉన్నాయని, పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనే జనాభాలో 10 నుంచి 15 శాతం అలాంటివాళ్లని లెక్కగట్టింది. ఆ లెక్కకి ఆధారం కులం. వలస పాలన కూలీల సంఖ్యని పెంచి ఉండొచ్చు, కానీ మొదలుపెట్టింది మాత్రం అది కాదు. ఈ లెక్క బ్రిటిష్‌వాళ్లకి అనుకూలమని అన్నవాళ్లున్నారు. నాకు మాత్రం ఇది ఊరికి అద్దం పట్టినట్టు అనిపిస్తుంది.

రెండో సగం కూడా చెప్పాలి. 1892లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ అక్కడి పరయల స్థితి మీద ఇచ్చిన నివేదిక తర్వాత మద్రాసు ప్రభుత్వం అణగారిన కులాలకి భూములిచ్చే విధానం తెచ్చింది. అక్కడ ఇళ్ల స్థలాలు కూడా మిరాసుదారులవే. కూలికోసం బేరమాడినవాడిని పని నుంచే కాదు, గుడిసె నుంచి కూడా వెళ్లగొట్టగలరు. దీన్ని పిల్లలకి చెబితే “పోటీ ఎక్కువ కాబట్టి కూలి తక్కువ” అనే పాలంపూర్ వివరణ ఎంత పలచనో వాళ్లకే తెలుస్తుంది. బేరమాడే శక్తి లేకుండా చేసి, ఆ తర్వాత బజారు ధర ఇంతే అనడం అది.

ఆ విధానానికి వారసుడే మన డి-పట్టా. మా పిల్లల్లో కొందరి ఇళ్లల్లో ట్రంకుపెట్టె అడుగున ఆ కాయితం ఉంది. అమ్మకూడదని 1977 అసైన్డ్ భూముల చట్టం చెప్పింది. ప్రభుత్వం తీసుకుంటే పట్టా భూమికిచ్చినట్టే పరిహారం ఇవ్వాలని 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. 2020 జనవరిలో విశాఖ చుట్టుపక్కల ఇళ్ల స్థలాల కోసం భూసమీకరణ ఉత్తర్వు వచ్చినప్పుడు అసైన్డ్ పట్టా ఉన్నవాళ్లకి ఎకరానికి 900 గజాల అభివృద్ధి చేసిన స్థలం అన్నారు. ఎకరం అంటే 4,840 గజాలు. ఎంత శాతం? పిల్లలు చేశారు: 18.6. ఇది మంచి బేరమా, చెడ్డ బేరమా అనేదానికి నేను జవాబు చెప్పలేదు. “ఆ స్థలం గజం ఎంత పలుకుతుంది? ఎకరం ఉన్నప్పుడు ఏడాదికి ఎన్ని నెలల తిండి వచ్చేది? స్థలంలో తిండి పండుతుందా?” అని అడిగాను. ఆ రోజు గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

గోగునార, మిల్లు, ఉక్కు

పాలంపూర్ కోసం బులంద్‌షహర్ దాకా వెళ్లనక్కర్లేదు అనడానికి మా చుట్టూ చాలా ఆధారాలున్నాయి. గోగునారకి ప్రపంచ బజారులో “బిమ్లీ జూట్” అని పేరు. అంటే మా భీమునిపట్నం పేరు. ఓడ ఎక్కిన రేవు పేరు సరుకుకి వచ్చింది. గోగు కోసి, మోపులు కట్టి, చెరువులో వారాలపాటు నానేసి, కుళ్లిన కంపులో నడుంలోతు నీళ్లలో నిలబడి నార తీసిన చేతుల పేరు దేనికీ రాలేదు. భూగోళం పాఠంలో “నార పంటలు” అని ఒక్క మాట ఉంటుంది. నానేసినవాడికెంత, దళారీకెంత, మిల్లుకెంత, ఓడవాడికెంత అని నాలుగు గళ్లు గీస్తే అదే భూగోళం ఆర్థిక చరిత్ర అవుతుంది.

చిట్టివలస జూట్ మిల్లు 2009లో లాకౌట్ అయింది. వేలమంది పని పోయింది. తగరపువలస బజారులో బేరాలు పడిపోవడం మేమంతా కళ్లారా చూశాం. మిల్లు ఎందుకు మూతపడింది అనేది మంచి అర్థశాస్త్ర పాఠం: ప్లాస్టిక్ సంచి ధర, ముడిసరుకు ధర, జనపనార సంచులు వాడాలని 1987లో చేసిన చట్టం, దాని అమలు. దాంతోపాటు ఇంకో ప్రశ్న అడగాలి. మిల్లు లోపల ఏ ఖాతాలో ఏ కులంవాళ్లు పనిచేశారు? బొంబాయి నూలు మిల్లుల్లో ఎక్కువ కూలి వచ్చే నేత ఖాతాలోకి అంటరానివాళ్లని రానిచ్చేవాళ్లు కాదు. షటిల్‌లో దారాన్ని నోటితో పీల్చాల్సి ఉంటుంది కాబట్టి మైల అన్నారు. అంబేడ్కర్ 1928 సమ్మె రోజుల్లోనే ఈ సంగతిని కార్మిక నాయకుల ముందు పెట్టారు. కార్మిక వర్గం ఒక్కటే అన్నవాళ్లు ఆ నోటి దారం గురించి మాట్లాడలేదు. మా మిల్లులో ఎలా ఉండేదో పాత కార్మికులు ఇంకా ఉన్నారు, పిల్లలు వెళ్లి అడగొచ్చు. ఏ జవాబు వచ్చినా అది మనకి కొత్త చరిత్రే.

ఉక్కు కర్మాగారం సంగతీ అంతే. “విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు” ఉద్యమంలో 1966లో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం, 2021 జనవరిలో నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణ నిర్ణయం, దాని మీద పోరాటం, 2025లో 11,440 కోట్ల ప్యాకేజీ. ఇదంతా పిల్లలు తెలుసుకోవాలి. వీటితోపాటు 1894 భూసేకరణ చట్టం పరిహారాన్ని ఎవరికిచ్చింది అనేది కూడా తెలుసుకోవాలి. భూమి మీద హక్కు ఉన్నవాడికి. ఆ భూమి మీద కూలి చేసి బతికినవాడు ఆ చట్టం దృష్టిలో ఏమీ పోగొట్టుకోలేదు. అలాంటి కూలీలు కూడా నష్టపోయినవాళ్లేనని చట్టం ఒప్పుకోవడానికి 2013 దాకా పట్టింది.

ఈ లెక్కలు కాయితం మీద లెక్కలు కావు. 2012 జూన్ 12న అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్ష్మీపేటలో అయిదుగురు దళితులని చంపేశారు. మడ్డువలస రిజర్వాయరు కోసం సేకరించి, మునగకుండా మిగిలిన భూమిని దళితులు సాగుచెయ్యడం దగ్గర ఆ గొడవ మొదలైంది. పరిహారం తీసుకున్న తర్వాత కూడా భూమి తమదే అనుకునేవాళ్లు, మొట్టమొదటిసారి నాగలి పట్టి తమకోసం దున్నుకున్నవాళ్లు. దీన్ని కేవలం కులద్వేషం అంటే భూమి కనపడదు, కేవలం భూతగాదా అంటే కులం కనపడదు. రెండూ ఒకేసారి కనపడే చదువు మన బళ్లల్లో లేదు.

ఆర్థికవేత్త అంబేడ్కర్ ఎక్కడ?

మన పాఠాల్లో అంబేడ్కర్ రాజ్యాంగం పేజీలో ఉంటారు. కోటు, కళ్లద్దాలు, పుస్తకం. ఆయన చదువుకున్నది అర్థశాస్త్రం అని ఎంతమంది సోషల్ టీచర్లు చెబుతున్నారు? 1915లో కొలంబియాలో ఈస్టిండియా కంపెనీ పరిపాలన, ఆర్థిక వ్యవహారాల మీద రాశారు. పద్మనాభం పేష్కషు ఆ కంపెనీ ఖజానాకి చేరిందే కదా. 1918లో చిన్న కమతాల మీద వ్యాసం రాశారు. 1923లో “ది ప్రాబ్లెమ్ ఆఫ్ ది రుపీ” అచ్చయింది. 1925లో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీద పుస్తకం వచ్చింది. రూపాయి విలువ తగ్గితే వ్యాపారి లాభం ఎవరి జేబులోంచి వస్తుందో చెప్పిన మనిషి ఆయన. మనం పైన కుంచాలతో చేసిన లెక్క ఆ చూపులోంచి వచ్చిందే. కులం పనిని పంచడం కాదు, పనిచేసేవాళ్లని విడగొట్టి మెట్లమీద కూర్చోబెట్టడం అని 1936లో ఆయన చెప్పిన మాట అర్థశాస్త్రం మొదటి పాఠంలో, శ్రమ విభజన పక్కన ఉండాల్సిన మాట. దాన్ని తెచ్చి పౌరశాస్త్రంలో “సంఘసంస్కర్తలు” కింద పెట్టారు.

ఆయన పద్ధతిని మా ఊళ్లకి వర్తింపజేస్తే చాలా పాఠాలు పుడతాయి. భీమునిపట్నం మునిసిపాలిటీ 1861 నాటిది, దేశంలోని పాతవాటిలో ఒకటి. అది గర్వంగా చెప్పుకుంటాం. ఆ పట్నం మలాన్ని ఎవరు ఎత్తారు? ఎంత జీతానికి? ఎవరి పన్ను ఎవరి వీధి దీపానికి ఖర్చయింది? రెల్లి పిల్ల ఒకతి ఈ ప్రశ్నలు తనవి అనుకునే రోజు వస్తే చరిత్ర పాఠం ఆమెకి బరువు కాదు.

నేను చేసిన తప్పు

ఇదంతా రాసినంత తేలిక కాదని చెప్పాలి. మొదట్లో నేను ఒక తప్పు చేశాను. పాలంపూర్ పాఠం బాగా చెప్పాలనే ఉత్సాహంతో, “ఎవరెవరికి ఎంత భూమి ఉందో లేచి చెప్పండి, మీ అమ్మానాన్నల కూలి ఎంతో చెప్పండి” అన్నాను. బుగతల పిల్లలు గొంతెత్తి చెప్పారు. పేట పిల్లలు తలొంచుకున్నారు. ఒక అమ్మాయి రెండురోజులు బడికి రాలేదు. నేను కూడా పేటలోంచి వచ్చినవాడినే. నా చిన్నప్పుడు మేస్టారు స్కాలర్‌షిప్ పేర్లు చదివినప్పుడు తల ఎలా వాలిపోయేదో మరిచిపోయి, అదే పని నేను చేశాను.

అప్పట్నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ప్రశ్న పిల్లని అడగకూడదు, భూమిని అడగాలి. ఈ సర్వే నంబరు భూమి ఎవరి పేరున ఉంది? అంతకుముందు ఎవరిది? ఎవరు దున్నారు? పండింది ఎవరింటికి పోయింది? అడంగలు, పాత డైగ్లాటు, ఎస్టేట్ల చట్టం కింద ఇచ్చిన పట్టా, డి-పట్టా. కాయితాలు మాట్లాడతాయి. అప్పుడు తల దించుకోవాల్సింది భూమి లేనివాడు కాదు. “మా తాతకి ఇంత భూమి ఎలా వచ్చింది?” అని ఆలోచించాల్సింది ఉన్నవాడు.

తరగతిలో కులం మాట తెస్తే పిల్లలు విడిపోతారని కొందరు ఉపాధ్యాయ మిత్రులు అంటారు. మధ్యాహ్న భోజనం దగ్గర ఎవరు ఎవరి పక్కన కూర్చుంటున్నారో చూశాక ఈ మాట అనండి అని వాళ్లకి మనవి చేస్తున్నాను. సిలబస్ అవ్వదు అనేవాళ్లకి ఒక్క మాట: పద్మనాభానికీ పాలంపూర్‌కీ విడివిడిగా పెట్టే పీరియడ్లని కలిపి వాడితే చాలు, కొత్త పీరియడ్ అక్కర్లేదు. ఇక ఆర్థికం చెబితే కులం దానంతటదే తెలుస్తుంది అనేవాళ్లకి బొంబాయి మిల్లు దారం గుర్తుచేస్తే సరిపోతుంది.

ఆ పిల్లకి నేను జవాబు చెప్పడానికి చాలా వారాలు పట్టింది. “మొదట్నుంచీ రానివ్వలేదమ్మా. అడిగీ, కొట్లాడీ తెచ్చుకున్న కాస్తా మళ్లీ చేతుల్లోంచి పోతోంది. రెండూ నిజమే” అన్నాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, “అయితే ఇది చరిత్ర పరీక్షలో రాయాలా, ఎకనామిక్స్‌లో రాయాలా మేస్టారూ?” అంది. రెండిట్లోనూ రాయి అన్నాను. దిద్దేవాళ్లు మార్కులు వేస్తారో లేదో నాకు తెలీదు. అలాంటి జవాబుకి మార్కులు వేసే టీచర్లని తయారుచేసుకోవడం ఈ పత్రిక చదివే మనందరి పని.